ముందు నీళ్లొచ్చాయి, పునరావాసం వెనకబడింది

గోదావరి మీద కడుతున్న పోలవరం జలాశయంలో నీళ్లు తొలి దశ మట్టం 41.15 మీటర్ల దాకే నిలపాలా, పూర్తి మట్టం 45.72 మీటర్ల దాకానా అన్న గొడవ మళ్లీ రేగింది. డెల్టాలో ఈ లెక్క రబీ నీళ్లతో మొదలై అక్కడే ఆగిపోతుంది. శంకుస్థాపనలు, ఏడు మండలాల విలీనం అందరికీ తెలిసినవే. కథ మలుపు తిరిగింది మాత్రం 2019 ఆగస్టులో.

సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తవ్వాలని 2013 భూసేకరణ చట్టం చెప్పింది. గిరిజనులను వీలైనంతవరకు అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, అందరినీ ఒకేచోట, భాషా సంస్కృతులు నిలిచేలా ఉంచాలనీ రాసింది. జరిగింది తిరగబడి. ఆ ఆగస్టులో, కాఫర్ డ్యామ్ (నదికి వేసే తాత్కాలిక అడ్డుకట్ట) పని సగంలో ఉండగా వచ్చిన వరదకు దేవీపట్నం మండలంలో ఊళ్లు మునిగాయి. 2021లో నదిని స్పిల్‌వే (గేట్లున్న కట్టడం) వైపు మళ్లించారు. అప్పటికి పునరావాస ప్యాకేజీ అందని ఇళ్లు చాలానే ఉన్నాయి.

పునరావాస కాలనీల్లో పక్కా ఇళ్లు, రోడ్లు ఇచ్చామని అధికారులు అంటారు. అదీ నిజమే.

ముంపు ఊళ్లలోని గిరిజనులు కొండరెడ్ల, కోయల లెక్క వేరు. మామిడి పండుగ చేయనిదే కొండరెడ్లు కొత్త కాయ నోట పెట్టరు. కాయ ముదరకముందే ఎవరూ చెట్టు దులపకుండా ఆపేది ఆ కట్టుబాటే. భూమి పండుగ అయ్యాకే విత్తనం. అడవి దుంపలు, వెదురు కొమ్ములు, ఇప్పపువ్వు, జీలుగు కల్లు కొనాల్సిన పని లేదు. చింతపండు, అడ్డాకులు అమ్మితే చేతిలో నాలుగు డబ్బులు. కాలనీకొచ్చాక కూరాకు నుంచి కట్టెల దాకా అన్నిటికీ డబ్బే కావాలి, ఆ డబ్బుకు కూలికెళ్లాలి. మందు మొక్కలు తెలిసిన ముసలాళ్లకు చూపించడానికి అడవి లేదు. పండుగ చేద్దామంటే ఏ చెట్టు కింద? షెడ్యూల్డ్ ప్రాంతం దాటి మైదానంలో ఇల్లొస్తే, అక్కడి భూమికి 1/70 (గిరిజన ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే చట్టం) రక్షణా ఉండదు. వాళ్ల ఆరోగ్యం గురించి మాట్లాడేవాళ్లు ఆస్పత్రి ఎంత దూరమో అడుగుతారు గానీ, అడవి ఎంత దూరమో అడగరు.

2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఇచ్చిన 12,157 కోట్లు 41.15 మీటర్ల దశకే. ఆ మట్టం గీతకు పైన ఉన్నారు, ముంపు లేదని తేల్చినవాళ్ల ఇళ్లలోకీ 2022 జులైలో నీళ్లొచ్చాయి; అప్పుడు భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. కాంటూరు (ముంపు ఎత్తు గీత) మళ్లీ కొలవాలని, భూమికి భూమి ఇవ్వాలని, కదిలిస్తే ఊరంతటినీ ఒకేచోటికి, అడవి అంచుకు కదిలించాలని ముంపు ఊళ్లవాళ్లు అడుగుతున్నారు.