కెమెరా చేయలేని పనులు

ఖరీదైన కెమెరా కొన్నాక, మిగిలిన డబ్బుతో ఏం కొనాలన్న ప్రశ్న మొదలవుతుంది. ప్రయాణం దగ్గర పడేకొద్దీ టెన్షన్ కూడా పెరుగుతుంది. కెమెరా పేరుతో ఆన్‌లైన్‌లో వెతికితే చాలు, కిందంతా ఫిల్టర్ల సెట్లు, లైట్లు, రిమోట్లు, రకరకాల సంచులు. నా మటుకు నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను. ఈ పని కెమెరా తనంతట తాను చేసుకోగలదా? ఇంటికొచ్చాక కంప్యూటర్లో సరిచేసుకోగలమా? రెంటికీ కాదని జవాబు వస్తేనే ఆ వస్తువు కొనాలి.

ఈ లెక్కన మొదట కొనాల్సింది అదనపు బ్యాటరీ. పాత డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో అద్దం వెలుగును నేరుగా కంటికి చేర్చేది. బటన్ నొక్కేదాకా, వెలుగును ఫొటోగా మార్చే సెన్సర్‌కి పనే లేదు. ఇప్పటి మిర్రర్‌లెస్‌లో, అంటే ఆ అద్దం లేని కెమెరాలో, అలా కాదు. మీరు ఫ్రేము చూసుకుంటున్నంతసేపూ సెన్సర్, ప్రాసెసర్, వ్యూఫైండర్ లోపలి బుల్లి తెర పని చేస్తూనే ఉంటాయి. ఫొటో తీసినా తీయకపోయినా చార్జ్ తగ్గిపోతుంది. చలి ప్రదేశాల్లో ఇంకో చిక్కు. అక్కడ లిథియం అయాన్ల కదలిక మందగించి, బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. చార్జ్ ఉండగానే వోల్టేజి పడిపోయి కెమెరా ఆగిపోతుంది. ఆ బ్యాటరీని తీసి కోటు లోపలి జేబులో కాసేపు ఉంచితే చాలావరకు మళ్లీ పనికొస్తుంది.

విడి లిథియం బ్యాటరీలను విమానంలో చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు, వెంట తీసుకెళ్లే సంచిలోనే పెట్టుకోవాలి. షార్ట్ అయి నిప్పంటుకుంటే క్యాబిన్‌లో సిబ్బంది వెంటనే ఆర్పగలరు, అడుగున సామాన్ల గదిలో అది కుదరదు. టెర్మినళ్లకు ప్లాస్టిక్ మూతలు పెట్టమనేది కూడా ఈ షార్ట్ భయంతోనే. 100 వాట్-అవర్ల దాకా సాధారణంగా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. కెమెరా బ్యాటరీలు ఆ హద్దుకు చాలా దూరంలో ఉంటాయి: 7.2 వోల్టులు, 2280 మిల్లీ ఆంపియర్-అవర్లు అని రాసి ఉంటే గుణించి చూడండి, 16.4 వాట్-అవర్లే. ఎన్ని పట్టుకెళ్లవచ్చో మాత్రం విమాన సంస్థను బట్టి మారుతుంది. చార్జర్ మీద 100–240 వోల్టులు అని ఉంటే వేరే దేశానికి వోల్టేజి కన్వర్టర్ మోసుకెళ్లక్కర్లేదు, ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ చాలు.

మెమొరీ కార్డుల దగ్గర ఎక్కువమంది అంకెలు చూసి మోసపోతారు. పైన పెద్దగా వేసే సెకనుకు 300 మెగాబైట్ల లాంటి అంకె సాధారణంగా కార్డులోంచి డేటా చదివే వేగం. కంప్యూటర్‌కి కాపీ చేసేటప్పుడే అది అక్కరకొస్తుంది. వీడియో తీసేటప్పుడు కావలసింది కార్డు మీదకు రాసే వేగం, అదీ మధ్యలో పడిపోకుండా నిలిచే వేగం. దాన్ని చెప్పేది మూలన చిన్నగా ఉండే వీ30, వీ60, వీ90 గుర్తులు. వీ60 అంటే రాసే వేగం సెకనుకు 60 మెగాబైట్లకు తగ్గదని హామీ. కెమెరా మెనూలో మాత్రం వీడియో వేగం మెగాబిట్లలో ఉంటుంది, ఎనిమిది బిట్లు ఒక బైటు. 400 మెగాబిట్ల వీడియో అంటే సెకనుకు 50 మెగాబైట్లు, దానికి వీ60 సరిపోతుంది. వీ90 కొనడం అనవసరం.

ఎగిరే పక్షుల్ని వరసపెట్టి తీసేవాళ్ల సంగతి వేరు. సెన్సర్ సమాచారాన్ని యథాతథంగా దాచే రా ఫైలు ఒక్కోటి 50 మెగాబైట్లనుకుంటే, సెకనుకు 20 ఫొటోలంటే 1000 మెగాబైట్లు. వేగమైన యూహెచ్‌ఎస్-2 రకం ఎస్‌డీ కార్డుల డేటా మార్గానికి ఉన్న గరిష్ఠ హద్దే సెకనుకు 312 మెగాబైట్లు. మిగతాదంతా కెమెరా బఫర్‌లో, అంటే లోపలి తాత్కాలిక నిల్వలో, పోగుపడి, అది నిండగానే వేగం పడిపోతుంది. అలాంటి పనికి, కెమెరాలో చోటుంటే, ఇంకా వేగమైన సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ రకం కార్డు దండగ కాదు. గుళ్లూ గోపురాలూ కొండలూ తీసేవాళ్లకి దాని అవసరం రాదు. ఆ డబ్బుతో రెండో కార్డు కొని, రెండు స్లాట్లుంటే ప్రతి ఫొటో రెండింటిలోనూ పడేలా పెట్టుకోవడం మేలు. పోయిన ఫైలును ఏ సాఫ్ట్‌వేరూ గ్యారంటీగా వెనక్కి తేలేదు.

ఇక ఫిల్టర్లు. ఫిల్మ్‌కి అతినీలలోహిత కిరణాలు సోకేవి కాబట్టి ఆ రోజుల్లో యూవీ ఫిల్టర్‌కి అర్థం ఉంది. డిజిటల్ సెన్సర్ ముందున్న గాజు పొరలే ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తాయి. ఇప్పుడది కేవలం రక్షణకవచం, దానికో మూల్యం కూడా ఉంది. పూత లేని గాజు ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది. రాత్రిపూట వీధి దీపాలు తీస్తే ఆ వెలుగు సెన్సర్‌కీ ఫిల్టర్‌కీ మధ్య తిరిగి దీపాల దెయ్యపు నకళ్లను ఫొటోలోకి తెస్తుంది. ఇసుక, ఉప్పు నీటి తుంపరలు ఎగిరే చోట మంచి పూతలున్నది పెట్టుకోండి. మిగతా చోట్ల లెన్స్ ముందు తగిలించే గొట్టం లాంటి హుడ్ చాలు. పక్క నుంచి పడే వెలుగును ఆపుతుంది, దెబ్బ తగిలితే ముందు అదే విరుగుతుంది.

నిజంగా కొనదగ్గ ఫిల్టర్ పోలరైజర్, ఒక దిశలో కంపించే వెలుగును ఆపేది. మామూలు వెలుగులో తరంగాలు అన్ని దిశల్లోనూ కంపిస్తాయి. నీరు, గాజు, ఆకుల మీద పడి పరావర్తనమైనప్పుడు ఒక దిశలో కంపించేవే ఎక్కువ మిగులుతాయి. 1815లో స్కాట్లాండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ కట్టిన సూత్రం ప్రకారం, నీటి ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూస్తే పరావర్తనమైన వెలుగంతా ఒకే దిశలో కంపిస్తుంది. పోలరైజర్‌ను తిప్పుతూ పోతే ఆ మెరుపు మాయమై చెరువు అడుగున రాళ్లు బయటపడతాయి. సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశం ముదురు నీలమవుతుంది. లోహపు మెరుపు మీద మాత్రం దీని ఆట సాగదు. మెరుపు కింద దాగిన రంగు సెన్సర్‌ను చేరనే లేదు కాబట్టి, తర్వాత ఎంత ఎడిట్ చేసినా అది రాదు. వెలుగు మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గిపోతుందని, చాలా వెడల్పుగా చూపే వైడ్ లెన్స్‌తో ఆకాశం మచ్చమచ్చలుగా వస్తుందని గుర్తుంచుకోండి. మీ లెన్సుల్లో పెద్దదానికి సరిపడే ఫిల్టర్ ఒక్కటి కొని, చిన్నవాటికి దాన్ని అమర్చే స్టెప్-అప్ రింగులు వాడితే ఖర్చు కలిసొస్తుంది.

అన్నిటికన్నా చవకైన వస్తువు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర ఉన్న కెమెరాను, బయట 32 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలిలోకి తెచ్చారనుకోండి. ఆ గాలిలోని ఆవిరి సుమారు 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేనిమీదైనా నీరుగా పేరుకుంటుంది. లెన్స్ తుడిచినా లాభం లేదు, గాజు వేడెక్కేదాకా మళ్లీ పడుతుంది. అప్పుడే లెన్స్ మారిస్తే తేమ లోపలికీ చేరుతుంది. గదిలోనే కెమెరాను కవరులో పెట్టి మూసి బయటికి తెస్తే తడి కవరు మీదే పడుతుంది. అరగంటో ఇంకాస్తో ఆగి తీయండి. కెమెరా వెదర్ సీల్డ్ కదా అని ధీమా వద్దు, ఆ రబ్బరు పట్టీలు చినుకుల్ని ఆపుతాయి గానీ ఆవిరిని పూర్తిగా ఆపలేవు. తేమ పీల్చే సిలికా జెల్ మంచిదే, కానీ రోజంతా తెరిచి మూసే సంచిలో అది త్వరగా తేమ నింపుకుని ఊరుకుంటుంది. రాత్రి గట్టిగా మూసిన డబ్బాలో వేస్తేనే ఫలితం.

గాలి కొట్టి దుమ్ము దులిపే బ్లోయర్ ఒకటి తప్పదు. నోటితో ఊదితే తుంపరలు పడతాయి. భుజం పట్టీ సౌకర్యంగా లేకపోతే మార్చండి. తెర మీద గార్డు మీ ఇష్టం.

చివరికి ట్రైపాడ్. ఇప్పటి చాలా కెమెరాలు సెన్సర్‌ను కదిలించి చేతి వణుకును చాలావరకు సర్దుకుంటాయి కాబట్టి సాయంత్రపు వెలుగుకి అది తప్పనిసరి కాదు. జలపాతాన్ని పాలనురగలా తీయాలన్నా, నక్షత్రాలు తీయాలన్నా, మీరే ఫ్రేములో ఉండాలన్నా కావాలి. ఈ మూడింట్లో ఏదీ మీ ప్రయాణంలో లేకపోతే ఇంట్లోనే వదిలేయండి. ఆ బరువులో ఇంకో లెన్స్ పడుతుంది.