కౌండిన్య ఏనుగుల దారి: నలభై ఏళ్ల నేపథ్యం

2023 జూన్‌లో ఒక రాత్రి, చిత్తూరు జిల్లా పలమనేరు సమీపంలో జాతీయ రహదారి దాటుతున్న మూడు ఏనుగులు లారీ ఢీకొని చనిపోయాయి. చాలామంది దాన్ని రోడ్డు ప్రమాదంగానే చదివి పక్కన పెట్టారు. కానీ ఆ మంద ఆ చోట రోడ్డెక్కవలసి రావడం వెనుక నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది. అది తెలుసుకోకపోతే, ఏనుగులు ఊళ్ల మీద పడుతున్నాయన్న మాట ఒక్కటే మనకు మిగులుతుంది.

దాదాపు రెండు వందల ఏళ్ల పాటు ఈ సీమలో అడవి ఏనుగుల జాడ లేదని చెబుతారు. 1980ల తొలినాళ్లలో తమిళనాడులోని హోసూరు, ధర్మపురి వైపు అడవుల నుంచి చిన్న మందలు మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం ప్రాంతానికి రావడం మొదలైంది. హోసూరు, ధర్మపురి వైపు అడవులు సేద్యానికీ ఊళ్లకూ కరిగిపోతూ ముక్కలు కావడం, కరవుకు మడుగులు ఎండిపోవడం వాటిని కదిలించాయి. వచ్చిన ఏనుగులు తిరిగి పోలేదు. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యాన్ని ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 358 చదరపు కిలోమీటర్లు. 2003లో దీన్ని కలుపుకొని 766 చదరపు కిలోమీటర్లతో రాయల ఏనుగుల రిజర్వు ఏర్పడింది.

అంకెలు చూస్తే పెద్దవిగానే కనిపిస్తాయి. అసలు చిక్కు అడవి ఆకారంలో ఉంది. కౌండిన్య అడవి కుప్పం నుంచి పలమనేరు దాకా పొడవుగా, సన్నగా సాగుతుంది. చాలాచోట్ల దాని అంచు దాటగానే పొలమే. పెరిగిన ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత, వంద లీటర్లకు పైగా నీరు కావాలి. ఎండాకాలంలో ఆకు రాల్చే ఈ మెట్ట అడవి ఒక్కచోట నిలబెట్టి దాన్ని పోషించలేదు. కాబట్టి ఈ జంతువుకు విస్తీర్ణం కన్నా దారి ముఖ్యం, ఒక నీటి పట్టు నుంచి ఇంకో నీటి పట్టుకు నడిచే దారి. నా ఉద్దేశంలో అభయారణ్యం గీత గీసినప్పుడు తక్కువగా పట్టించుకున్నది దీన్నే.

అదే కాలంలో గీతకు ఇవతలి నేల కూడా మారిపోయింది. రాగి, వేరుశనగ వేసి వాన కోసం ఎదురుచూసే మెట్ట చేలలో బోరుబావులు పడ్డాయి. టమాట, చెరకు, మల్బరీ, మామిడి తోటలు అడవి అంచు వరకూ వచ్చాయి. వేసవిలో అడవి ఎండి గోధుమరంగుకు తిరిగిన వేళ, పది అడుగుల అవతల చెరకు పచ్చగా, నీటి తొట్టి నిండుగా ఉంటే ఏనుగు అటే నడుస్తుంది. టమాట చేలో అది తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. తెల్లవారి రైతు వెళ్లి చూసేసరికి విరిగిన ఊతకర్రలు, చితికిన డ్రిప్పు పైపులు, బురదలో పళ్లెమంత అడుగులు. అప్పు తెచ్చి పెట్టిన పంట ఒక్క రాత్రిలో పోయిన ఆ మనిషికి అడవి గురించి చెప్పబోయే ముందు నష్టపరిహారం సకాలంలో చేతికందాలి. కాపలాకు వెళ్లి ఏనుగు కాళ్ల కింద ప్రాణం పోగొట్టుకున్నవారి కుటుంబాలూ ఈ పల్లెల్లో ఉన్నాయి.

ఏనుగులను ఆపడానికి కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. ఏనుగు కందకం గట్టును ముందుకాళ్లతో తన్ని, మట్టి లోపలికి జార్చి, ఆ వాలు మీదుగా దిగిపోతుంది. తీగ మీద ఎండు కొమ్మ పడేసి కంచెను వంచేస్తుంది. రాతి నేల తగిలిన చోట కందకం ఎలాగూ ఆగిపోతుంది, వానకు పూడుతుంది. కొందరు పొలాల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ పెట్టారు. దానికి, కిందికి వేలాడే లైన్లకు ఏనుగులు బలయ్యాయి. ఒకచోట అడ్డు కడితే మంద ఇంకోచోట బయటపడింది. చెదిరిన మందల నుంచి విడివడిన ఒంటరి ఏనుగులంటేనే ఊళ్లకు ఎక్కువ భయం.

ఇంత ఇరుకులో రోడ్డు వచ్చి పడింది. చెన్నై, బెంగళూరు నగరాలను చిత్తూరు, పలమనేరు మీదుగా కలిపే ఈ దారి పాత 4వ నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు ఇక్కడ దాని సంఖ్య 69. మొగిలి ఘాట్ దగ్గర ఇది అడవి పక్కనుంచే సాగుతుంది. రెండు వరుసల రోడ్డుగా ఉన్నప్పుడు రాత్రిపూట బండ్ల మధ్య ఖాళీ చూసుకుని మంద దాటిపోయేది. నాలుగు వరుసలయ్యాక వెడల్పు పెరిగింది, వేగం పెరిగింది, నడుమ డివైడరు లేచింది. రోడ్డు దాటేటప్పుడు పెద్ద ఏనుగులు పిల్లలను మధ్యలో పెట్టుకుని నడుస్తాయి. పిల్ల డివైడరు ఎక్కలేక తటపటాయిస్తే తల్లి దాన్ని వదిలి ముందుకు పోదు. వెలుతురు కళ్లలో పడి మంద నిలిచిపోయిన ఆ కొద్ది క్షణాల్లో, నిండు లోడుతో వాలు దిగుతున్న లారీకి ఆగే వ్యవధి ఉండదు.

2025 మేలో కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగులను, అంటే అడవి ఏనుగులను తోలడానికి శిక్షణ పొందిన మచ్చిక ఏనుగులను, ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. వాటి కోసం పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం వెలసింది. పొలంలో దిగిన మందను మళ్లీ అడవిలోకి తోలడానికి ఇవి పనికొస్తాయి, రైతులకు కొంత ధైర్యం. రోడ్డుకు అవతల ఉన్న మేతకూ నీటికీ దారి చూపడం మాత్రం కుంకీల చేతిలో లేదు. 2022 మేలో శంకుస్థాపన జరిగిన చెన్నై–బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వే కూడా చిత్తూరు జిల్లా మీదుగానే వెళుతోంది. దాని కింద ఏనుగు నడిచేంత ఎత్తున, వెడల్పున దారులు వదలాల్సింది ఇంజనీరుకు కట్టడం సులువైన చోట కాదు, మందలు ఏటా దాటుతూ వస్తున్న చోట. ఆ చోట్లు ఏవో మంచె మీద రాత్రుళ్లు కాపలా కాసే రైతులు, అటవీశాఖ ట్రాకర్లు ఈ రోజు అడిగినా వేలు పెట్టి చూపించగలరు.