జ్వరం తగ్గాక బిళ్లలు ఎలా కరుగుతాయి?

జ్వరంతోపాటు మెడలో కట్టిన బిళ్లలు మందేమీ రాయకుండానే ఎలా కరిగిపోతాయని ఒక పాఠకుడు అడిగారు. అవి లింఫ్ గ్రంథులు. వాటిలో కిక్కిరిసిన తెల్లకణాలు కొన్ని రక్తంలోకి వెళ్లిపోతాయి, చాలామటుకు చచ్చిపోతాయి. ఎలాగూ కరిగేవే కాబట్టి, ఆ సమయానికి ఏది రాసినా అదే పనిచేసినట్టు కనిపిస్తుంది.

ఎల్‌సీఎంవీ అనే ఎలుకల వైరస్ ఎక్కించిన ఎలుకల్లో ఈ లెక్క బాగా తేలింది. ఆ వైరస్‌ను గుర్తుపట్టే సీడీ8 టి కణాలు (వైరస్ సోకిన కణాలను చంపే తెల్లకణాలు) మొదట్లో వందల్లోనే ఉంటాయి. ఎనిమిదో రోజుకల్లా కోటి దాకా పెరుగుతాయి. ఆ తర్వాత కొద్ది వారాల్లో నూటికి 90–95 పోతాయి. మిగిలినవి అదే వైరస్ మళ్లీ వస్తే గుర్తుపట్టే జ్ఞాపక కణాలు. పాఠాల్లో యుద్ధం గురించి చెబుతారు గానీ, గెలిచిన సైన్యం ఏమైందో చెప్పరు.

ఈ చావు చాలావరకు కణం లోపలి నుంచే వస్తుంది. బిమ్ చంపే ప్రోటీన్, బీసీఎల్-2 కాపాడే ప్రోటీన్. బీసీఎల్-2 ఒంటి మీద ఒక గాడి ఉంటుంది. బిమ్‌లోని చిన్న మెలిక అందులో ఇరుక్కుని ఉన్నంతసేపూ కణానికి ఢోకా లేదు. ఇన్‌ఫెక్షన్ తగ్గితే ఐఎల్-2 లాంటి, కణాన్ని బతికించే సంకేతాలు అడుగంటుతాయి. అప్పుడు ఫాక్సో3 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి బిమ్ జన్యువును నడిపిస్తుంది. ఇరుక్కోవడానికి గాడి దొరకని బిమ్ వెళ్లి బ్యాక్స్, బ్యాక్ అనే రెండు ప్రోటీన్లను రేపి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పైపొరకు చిల్లులు పెట్టిస్తుంది. అందులోని సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికి కారి ఆపాఫ్-1 అనే మరో ప్రోటీన్‌కు అంటుకుంటుంది. ఆపాఫ్-1లు ఏడేసి కలిసి చక్రంలా అమరి, కాస్పేజ్-9 అనే ప్రోటీన్లను కోసే ఎంజైమును లేపుతాయి, అది కాస్పేజ్-3ను లేపుతుంది. ఇక డీఎన్ఏ సుమారు 180–200 బేస్ జతల పొడవున్న ముక్కలుగా తెగుతుంది. కణపొరలో లోపలివైపు ఉండాల్సిన ఫాస్ఫాటిడైల్‌సెరిన్ అనే కొవ్వు బయటివైపుకు తిరుగుతుంది. అది చూసి భక్షక కణాలు వచ్చి మింగేస్తాయి. సరుకు బయట ఒలకదు కాబట్టి వాపు రాదు. ఐఎల్-7 అనే మరో బతికించే సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు దండిగా ఉన్న కణాలు బీసీఎల్-2ను నిలుపుకుని బతుకుతాయి.

బిమ్ లేని ఎలుకల్లో ఈ తగ్గుదల బాగా కుంటుపడుతుంది. బిమ్‌తోపాటు ఫాస్ కూడా లేకపోతే గ్రంథులు విపరీతంగా ఉబ్బుతాయి. ఫాస్ కణం పైనుండే గ్రాహకం, అదో రెండో చావుదారి.

ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిదనుకునేవాళ్లు ఏఎల్‌పీఎస్ గురించి చదవాలి. పని అయిపోయిన తెల్లకణాలు చావకుండా పోగుపడే జన్యు జబ్బు ఇది. ఎక్కువమంది రోగుల్లో ఫాస్ జన్యువే చెడి ఉంటుంది. గ్రంథులు, ప్లీహం నెలల తరబడి ఉబ్బే ఉంటాయి. సీడీ4, సీడీ8 అనే గుర్తు ప్రోటీన్లు రెండూ లేని టి కణాలు పోగుపడతాయి. సొంత ఎర్రకణాల మీద, ప్లేట్‌లెట్ల మీద దాడి మొదలవుతుంది. ఇమ్యూనిటీని అణిచే సిరోలిమస్ మందుతో చాలామందికి తగ్గుతుంది. ఫాస్ మూడేసి కలిస్తేనే పనిచేస్తుంది. ఫాస్ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడితే, మూడూ మంచివే పడే గుంపు ఎనిమిదింట ఒకటే. అందుకే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క చెడ్డ ప్రతి వచ్చినా జబ్బు రావచ్చు.