శరత్కాలంలో ఎరుపెక్కే పొదలు

న్యూజెర్సీ, మసాచుసెట్స్ వంటి అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో అక్టోబరు వచ్చేసరికి ఇళ్ల ముందు పొదలు ఎర్రబడడం అక్కడ స్థిరపడిన తెలుగువారికి బాగా పరిచయమైన దృశ్యం. ఒకే రకం పొద ఒక ఇంటి ముందు చిక్కని కుంకుమ రంగుకు తిరిగి, పక్కింటి గోడ నీడన మాత్రం పాలిపోయిన గులాబీ రంగు దగ్గరే ఆగిపోతుంది. ఈ తేడాకు కారణం ఆకులో ఎరుపు పుట్టే తీరులోనే ఉంది.

పగటి పొద్దు తగ్గి రాత్రులు చల్లబడేకొద్దీ మొక్క ఆకులోని పత్రహరితాన్ని విచ్ఛిన్నం చేసి, దానితో ముడిపడిన ప్రొటీన్లలోని నత్రజనిని కొమ్మలలోకి, వేళ్లలోకి తరలించుకుంటుంది. ఆకుపచ్చ తొలగగానే, వేసవి అంతా దాని చాటున ఉండిపోయిన కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు పసుపుగా బయటపడతాయి. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లను మాత్రం చాలా మొక్కలు ఆ చివరి వారాలలోనే, ఆకులో మిగిలిన చక్కెరలతో, కొత్తగా తయారుచేసుకుంటాయి. ఆ తయారీకి వెలుతురు కావాలి. అందుకే ఒక ఆకు మీద మరో ఆకు కప్పి ఉంటే కింది ఆకులో నీడ పడిన మేర పసుపుగానే మిగలడం కనిపిస్తుంది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న సంవత్సరాలలో రంగు బాగా తేలడానికి కారణం కూడా ఇదే. మబ్బు పట్టిన శరత్కాలంలో చక్కెర తక్కువ, ఎరుపూ తక్కువ.

రాలిపోబోయే ఆకు కోసం మొక్క ఇంత ఖర్చు ఎందుకు పెట్టాలి? పత్రహరిత వ్యవస్థ విడిపోతున్న దశలో అధిక కాంతి కణాలను దెబ్బతీయకుండా ఆంథోసయనిన్లు తెరలా అడ్డుపడి, నత్రజని వెనక్కి చేరేందుకు వ్యవధి ఇస్తాయన్నది ఒక వివరణ. చెట్టుపై గుడ్లు పెట్టడానికి వచ్చే పేనుబంక వంటి పురుగులకు ఆ రంగు ఒక హెచ్చరిక అని హామిల్టన్, బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు 2001లో ప్రతిపాదించారు. ఎరుపు ఎండ తగిలే ఆకులలోనే ఎక్కువగా చేరడాన్ని చూస్తే మొదటి వివరణే బలమైనదని నాకు తోస్తుంది. మన ఊళ్లలో చలి అంతగా లేకపోయినా బాదం చెట్టు ఆకులు రాలే ముందు ఎర్రబడడం కూడా ఆంథోసయనిన్ల పనే.

ఈ రంగు కోసం అమెరికన్లు ఎక్కువగా నాటినది బర్నింగ్ బుష్. 19వ శతాబ్దంలో తూర్పు ఆసియా నుంచి తెచ్చిన ఈ పొద పండ్లను పక్షులు తిని, గింజలను అడవులలో విడవడంతో అది అక్కడి సహజ వృక్షజాతిని పక్కకు నెట్టసాగింది. మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాలు దాని అమ్మకాన్ని నిషేధించాయి. ఎంత అందమైన రంగైనా అడవిని బలిపెట్టి తెచ్చుకోదగినది కాదు, పైగా అమెరికా సొంత పొదలలోనే అంతకు తీసిపోనివి ఉన్నాయి. ఫోథర్‌గిల్లాలో పసుపు, నారింజ, ఎరుపు ఒకే పొద మీద, తరచు ఒకే ఆకు మీద కలిసి కనిపిస్తాయి. ఐటియాలో హెన్రీస్ గార్నెట్ అనే రకం తడి నేలను తట్టుకుని ముదురు ఎరుపుకు తిరుగుతుంది. నా మొదటి ఎంపిక మాత్రం బ్లూబెర్రీ. వేసవిలో పండ్లు, శరత్తులో ఎర్రని ఆకులు రెండూ ఇస్తుంది. దానికి ఆమ్ల నేల తప్పనిసరి అని వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ నిరూపించిన తరువాతే, ఎలిజబెత్ వైట్ అనే సాగుదారుతో కలిసి ఆయన న్యూజెర్సీలో దానిని తోటపంటగా మలచగలిగారు. 1916లో ఆ పండ్లు తొలిసారి బజారుకు వచ్చాయి. నేల ఆమ్లతను తెలిపే పిహెచ్ విలువ 4.5 నుంచి 5.5 మధ్య ఉంటేనే అది ఏపుగా పెరుగుతుంది.

నాటే చోట రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి. నడివేసవి దాటాక నత్రజని ఎరువు వేస్తే లేత చిగుళ్లు వచ్చి ఆకులు ఆలస్యంగా రంగు మారతాయి, ఆలోగా మంచు పడితే మాడిపోతాయి. ఆగస్టు, సెప్టెంబరులలో నేల బాగా ఎండిపోతే ఎర్రబడకముందే ఆకులు రాలతాయి కాబట్టి వానలు లేని వారాలలో నీరు పెట్టాలి. విత్తనాల నుంచి వచ్చిన మొక్కలలో రంగు ఒక్కొక్క దానికి ఒక్కో రకంగా ఉంటుంది. కొమ్మ కత్తిరింపులతో పెంచిన రకాన్ని పేరు అడిగి తీసుకోవడం, వీలైతే అక్టోబరులో నర్సరీకి వెళ్లి రంగు చూసి ఎంచుకోవడం మేలు. నేలలో వేడి ఇంకా మిగిలి ఉండే ఆ రోజులలో నాటితే, చలి ముదరకముందే కొత్త వేళ్లు పట్టుకుంటాయి.