గోడ మీది వెన్నెముక పటం ఎక్కడి నుంచి వచ్చింది?

గోదావరి డెల్టాకి నడుం నొప్పి కొత్త కాదు. ఊడ్పుల రోజుల్లో పొద్దస్తమానం వంగి నాట్లేసే ఆడవాళ్ళు, కోనసీమలో కొబ్బరి దింపులు తీసేవాళ్ళు, చేపల చెరువుల గట్ల మీద మేత బస్తాలు మోసేవాళ్ళు, వీళ్ళలో ఎవరిని కదిపినా ముందు నడుం మాటే ఎత్తుతారు. కాబట్టి దానికి ఊళ్ళో వైద్యమూ ఉంది. నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించుకుంటారు. బెణికితే నూనె రాసి లాగే పెద్దాయన దగ్గరికి వెళ్తారు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు. సెలూన్‌లో క్షవరం అయ్యాక మెడ టక్కుమనిపించడం సరేసరి.

వీటిలో పనిచేసేదెంత, నమ్మకమెంత అన్నది అలా ఉంచండి. తొక్కినవాడు నడుం పట్టు వదులుతుందన్నాడే గానీ షుగర్ తగ్గుతుందని ఏనాడూ అనలేదు.

ఇప్పుడు ఫోన్లలో తిరిగే వీడియోల్లో వినిపించే మాట అంతకంటే చాలా పెద్దది. పక్కన గోడ మీద వెన్నెముకది ఒక రంగుల పటం ఉంటుంది. మెడ పూసల దగ్గర్నుంచి గీతలు కళ్ళకీ చెవులకీ, వీపు పూసల నుంచి గుండెకీ కాలేయానికీ, నడుం పూసల నుంచి కిడ్నీలకీ గర్భసంచికీ వెళ్తాయి. పూస జరిగితే నరం నలుగుతుంది, నరం నలిగితే ఆ అవయవం పాడవుతుంది, పూసని సర్దితే జబ్బు పోతుంది అంటారు. ఇలా చేత్తో పూసలు సర్దే వైద్యాన్ని కైరోప్రాక్టిక్ అనీ, చేసేవాళ్ళని కైరోప్రాక్టర్లనీ అంటారు. అమెరికాలో ఉన్న పిల్లలు కూడా అక్కడ కైరోప్రాక్టర్‌కి చూపించుకున్నామని ఫోన్లో చెప్పేసరికి ఇంట్లో పెద్దవాళ్ళకి నమ్మకం కుదురుతుంది.

ఆ పటం మూలాలు అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్ ఊళ్ళో ఉన్నాయి. కెనడాలో పుట్టిన డేనియల్ డేవిడ్ పామర్ అక్కడ అయస్కాంత వైద్యం పేరుతో చేతులు ఆనించి జబ్బులు నయం చేస్తానని బోర్డు పెట్టుకున్నాడు. 1895 సెప్టెంబరులో, ఆ భవనంలో ఊడ్చే పని చేసే హార్వీ లిల్లార్డ్ వీపు మీద ఒక పూసని నొక్కి సర్దాననీ, పదిహేడేళ్ళుగా సరిగా వినపడని అతనికి వినికిడి తిరిగొచ్చిందనీ చెప్పుకున్నాడు. లిల్లార్డ్ కూతురు తర్వాత చెప్పిన కథ వేరు: తండ్రి చెబుతున్న జోకుకి పామర్ నవ్వుతూ వీపు మీద చరిచాడట.

ఏది నిజమైనా, చెవికి సంబంధించిన నరం మెదడు నుంచి పుర్రె లోపలే చెవికి చేరుతుంది. వెన్నుపూసల మధ్య నుంచి రాదు. అంటే మొదటి కేసే ఆ సిద్ధాంతానికి సరిపోదు. పామర్ అక్కడ ఆగలేదు. కొద్దిరోజులకి గుండె జబ్బుతో వచ్చిన ఇంకొకరికీ ఇలాగే తగ్గిందన్నాడు. చెవుడు, గుండె జబ్బు లాంటి పొంతన లేని రెండింటికీ నరం నలగడమే కారణమైతే మిగతా జబ్బులకీ అదే ఎందుకు కాకూడదని ఆలోచించాడు. ఇద్దరు రోగులతో మొదలైన ఆలోచన 1910 నాటికి నూటికి 95 జబ్బులు జరిగిన పూసల వల్లేననే దాకా వెళ్ళింది. శరీరంలో పుట్టుకతో వచ్చే ఒక తెలివి నరాల గుండా ప్రవహిస్తుందనీ, పూస జరిగితే దానికి అడ్డు పడుతుందనీ ఆయన వివరణ. ఇది శరీరశాస్త్రం కంటే వేదాంతానికి దగ్గర.

ఈ కైరోప్రాక్టిక్ నేర్పడానికి 1897లో మొదలైన ఆయన స్కూలుని కొడుకు బీజే పామర్ పెద్ద వ్యాపారం చేశాడు. లైసెన్సు లేని వైద్యం కింద తండ్రి 1906లో జైలుకీ వెళ్ళాడు. 1913లో కాన్సస్ రాష్ట్రం ఈ వృత్తికి చట్టబద్ధత ఇచ్చింది, చివరగా 1974లో లూసియానా ఇచ్చింది. అక్కడి డాక్టర్ల సంఘం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వీళ్ళని వెలివేయాలని చూస్తే కైరోప్రాక్టర్లు కోర్టుకెక్కి 1987లో గెలిచారు. ఆ తీర్పుని వైద్యానికి సర్టిఫికెట్‌లా చూపించేవాళ్ళున్నారు. కోర్టు తేల్చింది మాత్రం వ్యాపార పోటీని అడ్డుకోవడం తప్పని, అంతే.

బ్రిటన్‌లో కథ ఇంకో మలుపు తిరిగింది. పసిపిల్లల కడుపునొప్పి, ఆస్తమా లాంటివాటికి పూసలు సర్దడాన్ని తప్పుబడుతూ సైన్సు రచయిత సైమన్ సింగ్ 2008లో వ్యాసం రాస్తే, అక్కడి కైరోప్రాక్టర్ల సంఘం పరువునష్టం దావా వేసి 2010లో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఆ వృత్తిని నియంత్రించే అధికారిక మండలే, పూస జరగడం వల్ల జబ్బులొస్తాయనడానికి పరిశోధనల ఆధారం లేదని ప్రకటించింది. పటం మాత్రం గోడ మీద నుంచి దిగలేదు.

పటం పూర్తిగా గాల్లోంచి పుట్టిందీ కాదు. వీపు పూసల దగ్గర్నుంచి గుండెకీ పేగులకీ నిజంగానే నరాలు వెళ్తాయి. కానీ గుండె మార్పిడిలో ఆ నరాలన్నీ తెగిపోతాయి. అయినా కొత్త గుండె తనంతట తనే కొట్టుకుంటుంది. మార్చిన కిడ్నీ సంగతీ అంతే, రక్తనాళాలు కలిపితే చాలు, నరాలు కలపకుండానే మూత్రం వస్తుంది. కాస్త నలిగిన నరం వల్ల అవయవం పాడైపోతుందంటే ఇవి ఎలా పనిచేస్తున్నట్టు?

టక్కుమనే శబ్దం కూడా పూస చోటికి చేరిన గుర్తు కాదు. కీలు సాగినప్పుడు అందులోని ద్రవంలో వాయువు బుడగ ఏర్పడటంతో వస్తుంది. నడుం నొప్పికి ఈ పద్ధతి కొంత ఉపశమనం ఇస్తుందని పరిశోధనల్లో తేలింది, వ్యాయామం లాంటి మిగతా వైద్యాలతో సమానంగా. ఆ మేరకు కాదనక్కర్లేదు. మెడ సంగతి వేరు. మెదడుకి రక్తం తీసుకెళ్ళే రెండు ధమనులు మెడ పూసల్లోని రంధ్రాల గుండానే పైకి పోతాయి. మెడని ఒక్క ఊపున తిప్పితే, అరుదుగానే అయినా, వాటి గోడ చిరిగి పక్షవాతం రావచ్చు. సెలూన్‌లో తిప్పినా, క్లినిక్‌లో తిప్పినా అదే మెడ.

వెన్నుకీ లోపలి అవయవాలకీ నిజంగా ముడి పడే సందర్భం ఒకటుంది. నడుం దగ్గర డిస్క్ బాగా జారి కింది నరాల కట్టని నొక్కేస్తే మూత్రం బిగుసుకుపోతుంది, లేదా తెలియకుండా పోతుంది, తొడల మధ్య తిమ్మిరెక్కుతుంది. అప్పుడు తొక్కించుకోవడం, లాగించుకోవడం, సర్దించుకోవడం ఏదీ పనికిరాదు. అది ఆపరేషన్ కేసు, అదే రోజు న్యూరోసర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి చేర్చాలి.