పాలపళ్ల నుంచి కట్టుడు పళ్ల దాకా: అపోహలు – వాస్తవాలు

అపోహ: పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే, పుచ్చితే వైద్యం దండగ.

ముందు పళ్లు 6, 7 ఏళ్లకు ఊడతాయి. పాల దవడపళ్లు మాత్రం 10 నుంచి 12 ఏళ్ల దాకా ఉండాలి. అన్నాళ్లూ అవి రాబోయే పళ్లకు చోటు కాస్తాయి. సుమారు ఆరో ఏట, చివరి పాలపన్ను వెనకాల, ఏదీ ఊడకుండానే మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. అదీ పాలపన్నే అనుకుని పెద్దలు వదిలేస్తారు. సగం అనర్థం ఇక్కడే. దాని ముందున్న పాలపన్ను పుచ్చి, వేళకు ముందే పీకేస్తే ఈ కొత్తది ఖాళీలోకి జరుగుతుంది. తర్వాత రావాల్సిన పన్ను చోటు చాలక వంకరగా వస్తుంది, లేదా ఎముకలోనే ఇరుక్కుంటుంది. అందుకే పీకక తప్పనప్పుడు చాలాసార్లు ఆ ఖాళీ మూసుకుపోకుండా పట్టి ఉంచే పరికరం (స్పేస్ మెయింటెయినర్) బిగిస్తారు.

పసిపిల్లల పైపెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున పంటిమీద సుద్దలాంటి తెల్లగీత కనిపిస్తే పుచ్చు మొదలైనట్టే. అప్పుడైతే పంటిని గట్టిపరిచే ఫ్లోరైడ్‌తో ఆపవచ్చు. గుంత పడ్డాక అది తనంతట తాను పూడదు.

అపోహ: పిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు ప్రమాదం.

పేస్టు కాదు, మోతాదు చూడాలి. మొదటి పన్ను మొలిచినప్పటి నుంచి 3 ఏళ్ల వరకు బియ్యపుగింజంత, 6 ఏళ్ల వరకు బఠాణీగింజంత పేస్టు చాలు, అదీ 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) ఫ్లోరైడ్ ఉన్నది. బ్రష్ నిండా పేస్టు ప్రకటనల్లో చూడ్డానికే బాగుంటుంది. తోమాక ఉమ్మేస్తే చాలు, నీళ్లతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది.

అపోహ: కడుపులో బిడ్డ తల్లి పళ్లలోని కాల్షియం లాగేసుకుంటుంది.

పంటిలో చేరిన కాల్షియం తిరిగి రక్తంలోకి రాదు. పళ్లను దెబ్బతీసేది వాంతుల్లోని ఆమ్లం, హార్మోన్ల వల్ల కొద్దిపాటి పాచికే వాచే చిగుళ్లు. వాంతి అయిన వెంటనే బ్రష్ పట్టకండి, మెత్తబడ్డ ఎనామిల్ (పంటి గట్టి పైపొర) అరిగిపోతుంది. గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంట ఆగండి. పంటి వైద్యానికి గర్భంలో 4వ నెల నుంచి 6వ నెల వరకు అనువైన సమయం. చీము పడితే మాత్రం ఏ నెలైనా ఆగకూడదు.

అపోహ: క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి.

అవి అప్పటికే వదులై ఉంటాయి. గార రాయిలా గట్టిపడి పళ్లను ఒకదానికొకటి అతికించి పట్టుకుంటుంది, లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది. గార తీయగానే ఆ దాపరికం పోతుంది. వాపు తగ్గి చిగురు కిందికి దిగుతుంది, నాలుకకు కొత్త సందు తగులుతుంది, చల్లనీళ్లు తాకితే కొన్నాళ్లు జివ్వుమంటుంది. నింద క్లీనింగ్ మీద పడుతుంది! చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని బ్రష్ మానేయడం ఇంకో పొరపాటు. మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీలు వాల్చి, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోమితే కొద్దిరోజుల్లో తగ్గుముఖం పడుతుంది. తగ్గకపోతే చూపించుకోవాలి.

అపోహ: పై పన్ను పీకితే చూపు మందగిస్తుంది.

పంటి నాడి వేరు, చూపు నాడి వేరు. పుచ్చిన పన్ను పీకించుకోకుండా వదిలేస్తేనే, దాని చీము అరుదుగా కంటివైపు పాకుతుంది.

అపోహ: ముసలితనంలో పళ్లూడటం సహజం.

పళ్లను ఊడగొట్టేది వయసు కాదు, చిగుళ్ల జబ్బు. షుగర్ అదుపు తప్పితే అది ముదురుతుంది. దీనికి తోడు బీపీ, డిప్రెషన్, అలర్జీ మందుల్లో చాలావాటికి నోరెండిపోతుంది. చిగురు దిగి బయటపడ్డ వేరుకు ఎనామిల్ రక్ష ఉండదు, ఉమ్మి కూడా లేకపోతే త్వరగా పుచ్చుతుంది. పన్ను తీయించుకునే ముందు ఎముకల బలానికి వాడే మందుల గురించి తప్పక చెప్పాలి. కొన్నిటి వల్ల పన్ను తీసిన చోట దవడ ఎముక మానకపోవచ్చు. రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా ఆపొద్దు.

కట్టుడు పళ్లను టూత్‌పేస్టుతో రుద్దితే సన్నటి గీతలు పడి పాచి అక్కడే చేరుతుంది. మరిగే నీళ్లలో వేస్తే వంకరపోతాయి. గిన్నెలు తోమే సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. రాత్రి తీసి చన్నీళ్లలో వేయండి. కడిగేటప్పుడు సింకులో తువ్వాలు పరిస్తే, చేయి జారినా విరగవు.