కాలనీల్లో షార్ట్‌కట్ ట్రాఫిక్: అపోహలు - వాస్తవాలు

విశాఖకు ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సింహాచలం కొండల వరుస. రెండింటి నడుమ పొడుగ్గా సాగిన ఈ ఊళ్లో గాజువాక నుంచి మధురవాడ దాకా వెళ్లడానికి పెద్ద రోడ్డు ప్రధానంగా ఒక్కటే: 16వ నంబరు జాతీయ రహదారి. ఎన్‌ఏడీ, తాటిచెట్లపాలెం, గురుద్వారా, మద్దిలపాలెం, హనుమంతవాక జంక్షన్ల దగ్గర అది నిలిచిపోయిందంటే బళ్లు మురళీనగర్, సీతమ్మధార, హెచ్‌బీ కాలనీ, ఎంవీపీ కాలనీ వీధుల్లోకి దిగుతాయి. దీనికి కాలనీ సంఘాల మీటింగుల్లో వినిపించే పరిష్కారాల్లో చాలావరకు పనిచేయనివి, కొన్ని ఎదురు తన్నేవి.

అపోహ: స్పీడ్ బ్రేకర్లు వేస్తే షార్ట్‌కట్ బళ్లు రావడం మానేస్తాయి.

వేగం తగ్గుతుంది, బళ్లు తగ్గవు. డ్రైవరు చూసేది మొత్తం ప్రయాణానికి పట్టే సమయం. ఉదాహరణకు హైవే మీద 1.2 కిలోమీటర్లు, మధ్యలో రెండు సిగ్నళ్లు అనుకుందాం. గంటకు 30 కి.మీ. వేగంతో నడవడానికి 144 సెకన్లు, సిగ్నల్‌కు 90 చొప్పున ఆగడానికి 180. మొత్తం 324 సెకన్లు. కాలనీలోంచి 900 మీటర్లను 20 కి.మీ. వేగంతో వెళితే 162 సెకన్లు చాలు. అంటే రెండున్నర నిమిషాలకు పైగా మిగులు. ఆ దారిలో ఆరు స్పీడ్ బ్రేకర్లు వేసి, ఒక్కోదానికి నాలుగైదు సెకన్లు పోయాయనుకున్నా తగ్గేది అర నిమిషం. మిగతా రెండు నిమిషాల కోసం ఎవరైనా లోపలికే వస్తారు.

అలాగని స్పీడ్ బ్రేకర్ దండగ కాదు. స్కూలు ముందు, గుడి ముందు దాని పని దానికి ఉంది. కానీ దేశంలో రోడ్ల ప్రమాణాలు ఖరారు చేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత వేరు, మన వీధుల్లో పోసేది వేరు. 25 కి.మీ. వేగానికి 1988 నాటి దాని మార్గదర్శకాల్లో చెప్పినది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థంతో గుండ్రటి వంపు. వరుసగా వేస్తే ఒకదానికొకటి 100 నుంచి 120 మీటర్ల దూరం, మొదటిదానికి 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు. మనకు కనిపించేవి మాత్రం అడుగు వెడల్పు రబ్బరు పట్టీలు, లేదా రాత్రికి రాత్రి పోసిన సిమెంటు దిమ్మలు. నెమ్మదిగా వచ్చిన ఆటోలో నడుం విరుగుతుంది, వేగంగా వచ్చిన పెద్ద కారుకు ఒక్క కుదుపుతో సరి. సీతమ్మధార, మాధవధార లాంటి వాలు వీధుల్లో ఇంకో చిక్కు: కాలువ అంచుదాకా పోస్తే వాన నీళ్లు నిలుస్తాయి, అంచున ఖాళీ వదిలితే బైకులన్నీ ఆ ఖాళీలోంచే దూరతాయి. అంచుదాకా పోసి, కింద నీటికి పైపు వేయడమే దారి.

అపోహ: ఫ్లైఓవరో బైపాసో వస్తే కాలనీ రోడ్లు ఖాళీ అయిపోతాయి.

ఫ్లైఓవర్ కట్టిన జంక్షన్‌లో నిరీక్షణ తగ్గుతుంది, బళ్లు తర్వాతి సిగ్నల్‌కు త్వరగా చేరి అక్కడ పోగవుతాయి. దొడ్డిదారులు కూడా ఆ జంక్షన్ చుట్టూకు మారతాయి. ఆనందపురం నుంచి సబ్బవరం మీదుగా అనకాపల్లికి వేసిన బైపాస్ మేలు చేసేది ఊళ్లో పని లేని లారీలకు. మధురవాడలో ఇల్లు, గాజువాకలో ఉద్యోగం ఉన్న మనిషికి అది చుట్టుదారి, వాడుకోడు. కాలనీల్లోకి దిగే జనంలో ఎక్కువమంది రెండు కొసలూ ఊళ్లోనే ఉన్నవాళ్లు.

హైవే మీద డివైడర్ ఖాళీలు మూసినప్పుడు జరిగేది ఇంతకన్నా ముఖ్యం, దీన్ని తక్కువమంది గమనిస్తారు. హైవే మీద ప్రమాదాలు తగ్గడానికి ఆ మూత అవసరమే. కానీ యూ టర్న్ కోసం ముందుకెళ్లి వెనక్కి రావాల్సిన దూరం పెరిగేసరికి, డ్రైవర్లు ఆ మలుపును కాలనీ లోపలే తిప్పుకుంటారు. డివైడర్ నిర్ణయం హైవే అధికారులదీ ట్రాఫిక్ పోలీసులదీ, లోపలి వీధి నగరపాలక సంస్థ జీవీఎంసీది. ఖాళీ మూసేరోజే పక్క వీధుల్లో బళ్లు లెక్కపెట్టించమని అడగాల్సింది కాలనీ సంఘమే.

అపోహ: ఒక వీధి మూస్తే ట్రాఫిక్ మొత్తం పక్క వీధి మీద పడుతుంది.

ఒక్క వీధే మూస్తే అక్షరాలా నిజం. పక్క వీధివాళ్లు వారం తిరక్కుండా బారికేడ్లు పీకేస్తారు, వాళ్ల తప్పేమీ లేదు. అందుకే వీధిని కాదు, ప్రధాన రోడ్ల మధ్య ఉన్న ప్రాంతం మొత్తాన్ని ఒక గడిగా తీసుకోవాలి. సూత్రం ఒక్కటే: ప్రతి ఇంటికీ కారు వెళ్లగలగాలి, ఏ కారూ ఒక వైపున దూరి ఇంకో వైపున బయటపడకూడదు. బెల్జియంలోని ఘెంట్ నగరం 2017 ఏప్రిల్‌లో చేసింది ఇదే. నగర కేంద్రాన్ని విభాగాలుగా చేసి, ఒక విభాగం నుంచి ఇంకోదానికి కారులో వెళ్లాలంటే రింగురోడ్డు ఎక్కాల్సిందే అన్నారు.

మొదటి పని మ్యాపు. గడిలోకి వచ్చే ప్రతి దారికీ ఒక అంకె వేసి, ఏ రెండు అంకెల మధ్య రద్దీ వేళ రాకపోకలున్నాయో కనిపెట్టాలి. ఇందుకు నంబరు ప్లేట్ల లెక్క కావాలి. మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం 7:30 నుంచి 10:30 వరకు, సాయంత్రం 5 నుంచి 8:30 వరకు ప్రతి దారి దగ్గరా ఒక ఫోన్ నిలబెట్టి వీడియో తీయండి. ఫోన్ల గడియారాలు ముందే సరిచూసుకోవాలి. తర్వాత ప్లేటులోని చివరి నాలుగంకెలు, బండి రకం, సమయం రాసుకోండి. గడి పొడవు 800 మీటర్లయితే దాటడానికి మూడు నిమిషాలు పడుతుంది. అదే బండి ఆరు నిమిషాల్లోపు ఇంకో దారిలో బయటపడితే దాన్ని షార్ట్‌కట్ కింద లెక్కేయండి. మిగతావి ఇంటికో కొట్టుకో వచ్చినవి. ఈ లెక్క తేలకుండా అర్జీ పెడితే ‘మీ కాలనీ బళ్లేనండీ’ అన్న జవాబే వస్తుంది. ఒక్కోసారి అది నిజం కూడా.

ఇంకో మాట: బళ్లను పీసీయూల్లోకి (అన్ని రకాల బళ్లనూ కార్ల లెక్కలోకి తెచ్చే కొలత) మార్చి చూపిస్తే ఒప్పుకోకండి. అది రోడ్డు సామర్థ్యానికి పనికొచ్చే లెక్క, అందులో బైకు కారులో సగమో ముప్పాతికో అవుతుంది. రోడ్డు దాటే పిల్లకు బైకు బైకే.

ఆ తర్వాతే అడ్డం ఎక్కడన్నది. నాలుగు వీధుల కూడలి దొరికితే ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా అడ్డుకట్ట వేయడం నయం. ప్రతి బండీ తిరగాల్సిందే, నేరుగా పోలేదు. వీధి కొస మూసుకుపోదు కాబట్టి స్కూలు బస్సు, చెత్త బండి రివర్స్ చేసుకునే పని ఉండదు. కూడలి లేనిచోట వీధికి అడ్డంగా స్తంభాలు వేయాలి. కాలువ అంచు నుంచి అంచుకు 9 మీటర్లున్న రోడ్డుకు 100 మిల్లీమీటర్ల పైపు స్తంభాలు ఆరు పడతాయి, మధ్యలో 1.2 మీటర్ల ఖాళీలు ఏడు. ప్యాసింజర్ ఆటో వెడల్పు సుమారు 1.3 మీటర్లు కాబట్టి అదీ దూరదు. ఖాళీ 1.4 ఇచ్చారా, కార్లు ఆగి ఆటోలు వస్తాయి. పైపులో కాంక్రీటు నింపి, నేలలోకి అర మీటరుకు తగ్గకుండా దింపి, పైకి మీటరు ఉంచి రిఫ్లెక్టివ్ టేపు చుట్టాలి. మన సముద్రపు గాలికి పైపు నేల దగ్గరే తుప్పు పట్టి విరుగుతుంది. గాల్వనైజ్ చేసినదే తీసుకుని, పైపు మొదలు దగ్గర నీరు నిలవకుండా వాలుగా కాంక్రీటు చుట్టు కట్టించండి.

అపోహ: అంబులెన్స్, ఫైరింజన్ రాలేవు.

స్తంభాలన్నీ పాతేస్తే రాలేవు. పై లెక్కలో ఒక్క స్తంభం తీస్తే వచ్చేది 2.5 మీటర్లు, ఫైరింజన్‌కు చాలదు. నడిమివి రెండు తాళం వేసి తీయగలిగేవిగా పెడితే 3.8 మీటర్ల దారి వస్తుంది. తాళంచెవులు అగ్నిమాపక కేంద్రానికీ, ట్రాఫిక్ స్టేషన్‌కూ ఇవ్వాలి. ఒక్క సంఘం సెక్రటరీ దగ్గరే ఉంటే ఆయన ఊరెళ్లిన రోజున అవసరం పడుతుంది. సింహాచలం గిరిప్రదక్షిణ హెచ్‌బీ కాలనీ, సీతమ్మధార, మాధవధార మీదుగానే సాగుతుంది. మీ వీధి ఆ దారిలో ఉంటే ముందురోజే స్తంభాలు తీసిపెట్టాలి.

అపోహ: స్తంభాలుంటే బైకులూ ఆగుతాయి.

ఆగవు. వాటిని ఆపాలని మెలికల గేట్లు పెడితే చక్రాల కుర్చీ, సైకిలు ఆగుతాయి. బైకుల వేగానికి స్తంభాల ముందు కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ వేయండి, అంతవరకే.

అపోహ: ‘కాలనీవాసులకు మాత్రమే’ బోర్డు పెడితే సరి.

సంఘం పెట్టిన బోర్డుకు చట్టబలం లేదు. 1988 మోటారు వాహనాల చట్టంలో రాకపోకలను నియంత్రించే అధికారం 115వ సెక్షన్ కింద ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చినవారికీ ఉంది. జనం డబ్బుతో వేసిన వీధిలో ఎవరు తిరగాలో ఇంటి చిరునామా చూసి తేల్చడమూ తేలిక కాదు. అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ వంతెన దగ్గరున్న లియోనియా అనే చిన్న ఊరు 2018 జనవరిలో రద్దీ వేళల్లో బయటివారికి 60 వరకు వీధుల్ని మూసింది. అదే ఏడాది ఆగస్టులో కోర్టు ఆ ఆంక్షలు చెల్లవంది. అందరికీ సమానంగా వర్తించే అడ్డంకి, లేదా రద్దీ గంటల్లో మలుపు నిషేధం నిలబడతాయి. ఆ మలుపు మీరూ తిరగకూడదు, అదొక్కటే బాధ.

అపోహ: అంతా గూగుల్ మ్యాప్స్ వల్లే.

యాప్ లేనప్పుడూ ఆటోవాళ్లకు అన్ని సందులూ తెలుసు. యాప్ వల్ల ఆ సంగతి కొత్తవాళ్లకూ తెలిసింది. దొంగ ‘రోడ్డు మూత’ రిపోర్టులు పెట్టినా, బళ్లు కదులుతున్న సంగతి ఫోన్ల ద్వారా దానికి తెలిసిపోతుంది. నిజంగా మూసిన దారిని రిపోర్టు చేస్తే మాత్రం పనిచేస్తుంది, స్తంభాలు వేసిన రోజే చేయండి.

అపోహ: వన్‌వే చేస్తే తగ్గుతుంది.

హైవేకు సమాంతరంగా ఒకే దిశలో సాగే వన్‌వే షార్ట్‌కట్‌కు బహుమానం. ఎదురు బళ్లు లేక వేగం పెరుగుతుంది. వన్‌వేలు ఒకదాన్నొకటి ఎదుర్కొనేలా, దారి మధ్యలో తెగేలా వేస్తేనే లాభం.

అపోహ: మొదటి వారంలోనే ఫలితం తేలిపోతుంది.

మొదటి వారం చుట్టూ ఉన్న రోడ్లలో గందరగోళమే ఉంటుంది. డ్రైవర్ల అలవాటు మారడానికి మూడు నాలుగు వారాలు కావాలి. నెలకు మించని ఆంక్షకు గెజిట్ నోటిఫికేషన్ అక్కర్లేదని, స్థానికంగా తగిన ప్రచారం చాలని 115వ సెక్షనే అంటుంది. కాబట్టి నీళ్లు నింపిన ప్లాస్టిక్ బారికేడ్లతో నెలరోజులు ప్రయోగం అడగండి. సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు తగలకుండా చూసుకోండి. నాలుగో వారంలో అవే రోజులు, అవే గంటలు మళ్లీ లెక్కపెట్టండి. గడి లోపలే కాదు, చుట్టూ ఉన్న రోడ్ల మీద, అక్కయ్యపాలెం 80 అడుగుల రోడ్డు లాంటి సమాంతర దారి దగ్గరలో ఉంటే దాని మీద కూడా. అక్కడి సిగ్నల్‌లో బళ్ల వరుస బస్టాపు దాటి పెరిగిందని తేలితే స్తంభాలు పాతకముందే సిగ్నల్ సమయాలు మార్పించాలి.